అమ్మకి గాలి పరుపు, వదినకి నాలుగు గంటల నిద్ర

అమ్మని పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు కాఫీ తాగేవారు. తర్వాత మంచం దగ్గరికొచ్చి "ఏం పిన్నీ, ఎలా ఉన్నావ్" అని చెయ్యి పట్టుకునేవారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర వదినని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, ఒక్క ప్రశ్న అడిగేవారు. "వీపు మీద పుండ్లేమైనా పడ్డాయా?"

ఆ ప్రశ్నలో అమ్మ మీద జాలి ఎంత ఉండేదో, వదినకి పెట్టే పరీక్ష కూడా అంతే ఉండేది. లేవు అంటే "బంగారం లాంటి కోడలు దొరికింది". ఉన్నాయంటే మాట ఉండదు, ఒక చూపు ఉంటుంది. ఆ చూపు మా ఇంట్లో రెండున్నర నెలలు తిరిగింది. దానికి నేను కొన్న పరుపు కూడా ఒక కారణం కాబట్టి ఇది రాస్తున్నాను.

తెలుగులో "మంచం పట్టింది" అంటాం, మనిషే వెళ్లి మంచాన్ని పట్టుకున్నట్టు. మా అమ్మ విషయంలో మంచమే అమ్మని పట్టుకుంది. నాలుగేళ్ల కిందట కార్తీకమాసంలో ఒక పొద్దున తులసికోట దగ్గర దీపం పెడుతూ అలాగే కూలబడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాం. డిశ్చార్జి రోజున నర్సమ్మ చెప్పినవి రెండే ముక్కలు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, ఒక ఎయిర్ బెడ్ కొనుక్కోండి. తిప్పడం ఎలాగో ఎవరూ చేసి చూపించలేదు. ఎయిర్ బెడ్ ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎదురుగా ఉన్న సర్జికల్ షాపు బోర్డు మీద ఎర్రక్షరాలతో రాసే ఉంది.

అన్నయ్యది తెనాలిలో ఎరువుల కొట్టు, పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తాడు. నాది హైదరాబాదులో ఉద్యోగం. అమ్మ ఉండేది అన్నయ్య దగ్గరే. అంటే వదిన దగ్గర. నేను చెయ్యగలిగింది ఫోన్ తీసి పరుపు వెతకడం. బుడగల పరుపు ఉంది, గొట్టాల పరుపు ఉంది. వాటి మధ్య ఇంకోటి కనపడింది, వైబ్రేషన్ ఉన్న ఎయిర్ బెడ్ అట. వణుకుతుంది, మసాజ్ చేస్తుంది, రక్తం ఆడుతుంది, పుండ్లు రావు అని రాశారు. 3,900 రూపాయలు. వేరేవాటికంటే వెయ్యి ఎక్కువ. అమ్మకి వెయ్యి రూపాయల దగ్గర చూసుకుంటామా! వెంటనే కొట్టేశాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు హాయిగా నిద్రపట్టింది. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

పరుపు వచ్చింది. తీరా విప్పి చూస్తే అది మామూలు బుడగల పరుపే. మందపాటి ప్లాస్టిక్ షీటు మీద అరచేతి అంత బుడగలు వరసలుగా ఉంటాయి. మంచం కాళ్లవైపు తగిలించుకునే చిన్న పంపు, దాన్నుంచి రెండు గొట్టాలు. ఒక గొట్టం సగం బుడగల్లోకి, రెండోది మిగతా సగంలోకి. పది నిమిషాలు ఒక జట్టు ఉబ్బితే రెండో జట్టు వదులవుతుంది. తర్వాతి పది నిమిషాలు తారుమారు. అలా ఒంటి బరువు ఒకే చోట మొయ్యకుండా చోటు మారుతూ ఉంటుంది. ఆలోచన మంచిది, నిజంగా మంచిది. మరి ఆ వైబ్రేషన్ ఏదీ అంటే, పంపు మోటారుది. పంపు మంచానికి తగిలించి ఉంటుంది కాబట్టి మంచం సన్నగా బుర్రుమంటూ ఉంటుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. నా వెయ్యి రూపాయలు ఆ బుర్రుకి పోయాయి.

సరే, పోతే పోయాయి. అసలు నష్టం వేరే.

ఆ బుర్రుమనే చప్పుడు మా ఇంటికి ఒక ధైర్యం అయిపోయింది. పంపు మోగుతోందంటే పరుపు పనిచేస్తున్నట్టే. అమ్మని మొదట్లో రెండు గంటలకోసారి తిప్పిన వదిన, మూడో నెలకి రాత్రిపూట మానేసింది. నేను ఫోన్లో "పరుపుంది కదా వదినా, నువ్వు కాస్త పడుకో" అని చెప్పాను కూడా. నేనేదో ఉదారంగా మాట్లాడుతున్నానని అనుకున్నాను. అయిదో నెలలో ఒకరోజు పొద్దున స్పాంజి బాత్ చేయిస్తుంటే, నడుం కిందుగా ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట రూపాయి బిళ్లంత మచ్చ కనపడింది. నాలుగు రోజుల్లో తోలు ఊడింది. డ్రెస్సింగ్ చెయ్యడానికొచ్చిన కుర్రాడు పరుపు కింద చెయ్యి పెట్టి చూసి "ఇందులో ఒక పక్క గాలే లేదండీ" అన్నాడు. మంచం చెక్కకీ గోడకీ మధ్య ఒక గొట్టం మడతపడి నొక్కుకుపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు. పంపు మాత్రం నిక్షేపంగా బుర్రుమంటూనే ఉంది.

అతను చేసిన ఆ చిన్న పని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. మనిషి పడుకుని ఉండగా, పిర్రల కింద, పరుపుకీ దాని కింద పరిచిన బొంతకీ మధ్యకి అరచెయ్యి పైకి పెట్టి తోయాలి. ఎముక చేతికి గట్టిగా తగిలిందంటే పరుపు ఉన్నా లేనట్టే. ఒక అంగుళం మెత్తదనం మిగలాలి. పది సెకన్ల పని. పంపు మీద బరువుని బట్టి తిప్పుకునే మర ఉంటుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా ఈ చెయ్యే చెబుతుంది. గాలి ఎక్కువైనా కష్టమే, బుడగలు రాళ్లలా అయిపోతాయి. పరుపుతో పాటు వచ్చిన కాగితంలో ఈ పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. రక్తప్రసరణ గురించి మాత్రం అరపేజీ ఉంది.

మచ్చ విషయం కూడా చెప్పాలి. "ఎర్రగా కందితే జాగ్రత్తపడండి" అని ప్రతిచోటా రాస్తారు. ఎర్రబడటం తెల్లతోలు మీద తెలుస్తుంది. చామనఛాయ, నలుపు ఒళ్ల మీద ఎక్కడ తెలుస్తుంది? మన ఒంటి మీద అది చుట్టూ ఉన్న రంగుకంటే కాస్త ముదురుగా, నేరేడు రంగులో కనపడుతుంది. కొన్నిసార్లు కంటికి అసలు కనపడదు, వేలితో తాకితేనే తెలుస్తుంది. వెచ్చగానో, గట్టిగానో, లేదంటే నీరు పట్టినట్టు మెత్తగానో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే రంగు పాలిపోయి మళ్లీ వచ్చిందంటే ఇంకా టైముంది. నొక్కినా మారలేదంటే లోపల దెబ్బ మొదలైనట్టే అనుకోవాలి. వదినకి ఇది ముందే తెలిసుంటే ఆ నాలుగు రోజులు మాకు కలిసొచ్చేవి.

పుండు పడ్డాక మా ఇంట్లో జరిగినవి మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. మా పెద్దత్త అన్నయ్యని పిలిచి "కాస్త చూసుకోమని చెప్పరా దాన్ని" అంది. దాన్ని అంటే వదినని. పరుపు కొన్న నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పైగా "చిన్నాడు దూరాన ఉన్నా బెడ్డు పంపాడు" అని మెచ్చుకున్నారు.

పుండు ఎవరి తప్పు అనే గొడవ కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో షార్కో అనే పెద్ద నరాల డాక్టరు ఉండేవాడు. మెదడు, వెన్ను దెబ్బతిన్నవాళ్లకి పుండ్లు ఆ నరాల దెబ్బ వల్లే వస్తాయని, అవి పడితే ఇక చావు దగ్గరపడినట్టేనని ఆయన నమ్మకం. అంటే చేసేదేం లేదని. అదే కాలంలో ఇంగ్లండులో ఫ్లోరెన్స్ నైటింగేల్ దానికి పూర్తిగా ఎదురు మాట రాసింది. రోగికి పడక పుండు పడిందంటే సాధారణంగా తప్పు జబ్బుది కాదు, చూసేవాళ్లది అని 1859లోనే అచ్చులో పెట్టింది. తర్వాత దాన్ని చేసి చూపించినవాడు లుడ్‌విగ్ గుట్మన్. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు డాక్టరు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నెముక విరిగిన సైనికుల వార్డు ఆయనకి అప్పజెప్పారు. అప్పటిదాకా అలాంటివాళ్లు పుండ్లతోనో, మూత్రం ఇన్ఫెక్షన్లతోనో కొన్నాళ్లకే పోయేవాళ్లు. ఈయన చేసింది ఏమిటంటే, పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ప్రతి ఒక్కరినీ తిప్పించడం. అర్ధరాత్రి తనే వార్డులోకి వచ్చి తిప్పుతున్నారో లేదో చూసేవాడని చెబుతారు. మనుషులు బతికారు. వాళ్లకోసం ఆయన 1948లో పెట్టిన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి.

నేను ఈ ముగ్గురిలో గుట్మన్ వైపే. అయితే నైటింగేల్ మాటని మన ఇళ్లలోకి తెచ్చి వాడేటప్పుడు ఒక మోసం జరుగుతోంది. ఆవిడ మాట్లాడింది నర్సింగు గురించి. గుట్మన్ వార్డులో రాత్రి రెండింటికి తిప్పినవాళ్లు పొద్దున ఇంటికెళ్లి పడుకునేవాళ్లు, వేరేవాళ్లు డ్యూటీకొచ్చేవాళ్లు. మా వదినకి డ్యూటీ మారదు. పొద్దున అయిదున్నరకి పాల ప్యాకెట్లు, ఏడింటికి పిల్లాడి క్యారేజీ, ఎనిమిదింటికి అమ్మ డైపరు, తొమ్మిదింటికి అన్నయ్య టిఫిను. రెండు గంటలకోసారి అంటే రోజుకి పన్నెండు సార్లు. నెలకి మూడు వందల అరవై. అరవై రెండు కిలోల మనిషిని. దీన్ని అందరం "సేవ" అంటాం. సేవ అనే మాటలో పుణ్యం ఉంది, అందుకే నడుంనొప్పి వినపడదు. చాకిరీ అంటే వినపడుతుంది. వదిన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఇది చాకిరీనే అబ్బాయ్, కాకపోతే మీ అమ్మకి కాబట్టి చేస్తున్నా" అంది. ఆ వాక్యంలో ఉన్న ప్రేమకంటే ఎక్కువ ప్రేమ నేను చూడలేదు.

ఇక పరుపు దగ్గరికొద్దాం. ఒంటిబరువుని నీటి మీదో గాలి మీదో తేలేలా చేస్తే పుండ్లు రావన్న ఆలోచన పాతదే. నీల్ ఆర్నాట్ అనే స్కాట్లండు డాక్టరు 1832లోనే తొట్టెలో నీళ్లు పోసి, పైన రబ్బరు పూసిన గుడ్డ బిగించి, దాని మీద రోగిని పడుకోబెట్టాడు. మన భీష్ముడిది దీనికి సరిగ్గా ఎదురు, బరువంతా మొనల మీదే. అమ్మకి ఒకసారి ఈ మాట చెబితే నవ్వింది, ఎడమ మూతి ఒక్కటే నవ్వింది. ఆర్నాట్ నుంచి ఇప్పటి పంపుల దాకా సూత్రం మారలేదు, ఎముకకీ పరుపుకీ మధ్య నలిగే కండకి కాసేపు విడుదల ఇవ్వడమే.

అంత విడుదల నిజంగా దొరుకుతోందా? బ్రిటన్‌లో 2,029 మంది రోగుల మీద ఒక పెద్ద పరీక్ష చేసి 2019లో ఫలితాలు వేశారు. సగంమందికి గాలి మారుతూ ఉండే పరుపులు, సగంమందికి మేలురకం ఫోమ్ పరుపులు ఇచ్చారు. కొత్తగా పుండ్లు పడ్డవాళ్లు గాలి పరుపుల మీద 6.9 శాతం, ఫోమ్ మీద 8.9 శాతం. తేడా ఉంది కానీ, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పేటంత లేదు. అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో 2013లో ఇంకో సంగతి తేల్చారు. మంచి ఫోమ్ మీద పడుకున్న 942 మందిని కొందరిని రెండు గంటలకి, కొందరిని మూడు, కొందరిని నాలుగు గంటలకి తిప్పి చూస్తే, పుండ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వీటిని తెచ్చి నేరుగా మనకి అతికించుకోకూడదు. వాళ్ల ఫోమ్ వేరు, మన ఇళ్లలో ఏళ్లతరబడి ఉండలు కట్టిన బూరుగుదూది పరుపు వేరు. అక్కడ రోజూ ఒళ్లు పరీక్ష చేసే నర్సులున్నారు. పరుపు మొత్తంగా పనికిరాదని కూడా నేననను. కానీ ఈ రెండు పరీక్షలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది. గాలి పరుపు పుండుని ఆపే తాయెత్తు కాదు. అది తిప్పడానికీ తిప్పడానికీ మధ్య ఎడాన్ని కాస్త సాగదీసే సాధనం. రాత్రి రెండు గంటలకి లేవాల్సిన చోట నాలుగు గంటలకి లేస్తే చాలు అనే వెసులుబాటు. ఆ రెండు గంటల లాభం ఎవరికి? అమ్మకి కాదు. వదినకి.

అందుకే నేను ఇప్పుడు అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. గాలి పరుపు మంచం మీద ఉన్న మనిషి కోసం కొనేది కాదు, మంచం పక్కన చాప మీద ఉన్న మనిషి కోసం కొనేది. పదాలతో ఆటలా ఉంటుంది కానీ ఈ లెక్క మారితే చాలా మారతాయి. అమ్మ కోసం కొన్నాననుకున్నప్పుడు నేను డబ్బు కట్టి బాధ్యత దించుకున్నాను. గుర్తుపెట్టుకోమన్నానే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది నేను. వదిన కోసం కొంటున్నాననుకుని ఉంటే మొదట వదినని అడిగేవాణ్ని. పంపు చప్పుడుకి నిద్రపడుతుందా, కరెంటు పోతే ఏం చేస్తావ్, తిప్పడానికి రెండో మనిషి ఎవరు, అని. వైబ్రేషన్ ఉందా లేదా అని చూసేవాణ్ని కాదు.

ఇదంతా నాకు కూర్చుని ఆలోచిస్తే తట్టలేదు. వదిన వాళ్ల అమ్మాయికి పురుడొస్తే విజయవాడ వెళ్లాల్సొచ్చింది. పది రోజులు సెలవు పెట్టి నేను తెనాలి వెళ్లాను. వెళ్లేముందు వదిన ఒక రాత్రంతా నాకు నేర్పింది. ముందు తన గాజులు తీసి కిటికీలో పెట్టింది. మట్టిగాజు అంచు గీరుకున్నా అమ్మ ఒళ్లు చిట్లుతుందని. నా వాచీ, ఉంగరం కూడా తీయించింది. గోళ్లు చూసి "ఇవి కత్తిరించుకో" అంది. అమ్మ కింద అడ్డంగా ఒక పాత నేతచీర రెండు మడతలు పరిచి ఉంటుంది, భుజాల నుంచి పిర్రల కిందిదాకా. "ఎప్పుడూ ఒంటిని పట్టుకుని లాగొద్దు. తోలు పరుపుకి అంటుకుపోతుంది, ఎముక కదులుతుంది, లోపల చిరుగుతుంది. చీర పట్టుకుని ఎత్తాలి." కుడి మోకాలు కాస్త మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద పెట్టి, "అత్తయ్యా, అటు తిరుగుదాం" అని చెప్పి, అమ్మ ఎడమ చెయ్యి మంచం పక్క కడ్డీని పట్టుకునేదాకా ఆగి, అప్పుడు తిప్పింది. పూర్తిగా పక్కకి కాదు. వీపు వెనక దిండు పెట్టి ఏటవాలుగా, బరువు తుంటి ఎముక మొన మీద పడకుండా. మోకాళ్ల మధ్య ఇంకో దిండు. పిక్కల కింద చిన్న దిండు, మడమలు గాల్లో తేలాలి. చివరికి చెవి మడతపడిందేమో చూసి సరిచేసింది. చెవి! నాకు చెవి తట్టేదా?

మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. నేను ఒక్కణ్నే చేసినప్పుడు పదిహేను. మూడో రోజుకి నా నడుం పట్టేసింది, నాలుగో రాత్రి అలారం మోగినట్టే గుర్తులేదు. పన్నెండింటికి తిప్పినవాణ్ని లేచేసరికి అయిదున్నర. గుండె ఝల్లుమంది. టార్చి వేసి వీపంతా చూశాను. పిర్ర దగ్గర ఒత్తుకున్న గుర్తు, నొక్కితే పాలిపోయింది, వదిలితే రంగొచ్చింది. ఏమీ కాలేదు. ఆ రోజు పరుపు పనిచేసింది. గొట్టాలు సరిగ్గా ఉన్నాయి, గాలి సరిగ్గా ఉంది, నా అయిదున్నర గంటల నిద్రని అది మోసింది. అప్పుడు తెలిసింది దాని విలువ. 3,900 కాదు, ఇంకా ఎక్కువే పెట్టొచ్చు. కానీ దేనికి పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

ఈ వైబ్రేషన్ సంగతి తేల్చి వదిలేస్తాను. వణికే మంచం మనిషికి ఎందుకో నమ్మకం కలిగిస్తుంది. 1958లో అమెరికాలో హోటల్ మంచాలకి బిగించే ఒక వైబ్రేటర్ వచ్చింది, పావు డాలరు బిళ్ల వేస్తే పదిహేను నిమిషాలు మంచం ఊగేది. జనం ఎగబడ్డారు. మనకీ అంతే, సూది వెయ్యకపోతే వైద్యం చేసినట్టుండదు, మంచం కదలకపోతే పనిచేస్తున్నట్టుండదు. నిజానికి గాలి పరుపు పనిచేసేటప్పుడు కంటికి ఏమీ కనపడదు, పది నిమిషాలకోసారి నెమ్మదిగా ఊపిరి మార్చుకుంటుంది అంతే. ఐసీయూల్లో ఛాతీలో కఫం కదలడానికి అదిరే మంచాలు ఉన్నాయి, నిజమే. అది ఊపిరితిత్తుల పని, దాన్ని మనిషిని బట్టి డాక్టరు నిర్ణయిస్తాడు. ఇంటి దగ్గర ఫిజియోథెరపీ ఆయన దోసిలిలా వంచిన అరచేత్తో వీపు మీద తట్టేది కూడా అందుకే. చర్మానికీ దానికీ సంబంధం లేదు. కందిన చోట మర్దనా చేస్తే లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లో స్పిరిట్టు, పౌడరు వేసి వీపు రుద్దేవాళ్లు. ఇప్పుడు ఎముక మీద కందిన చోట రుద్దవద్దనే చెబుతున్నారు. పక్షవాతం వచ్చిన కాలు వాచి ఉంటే అసలు పిసకకూడదు, లోపల గడ్డకట్టిన రక్తం ఉంటే కదిలి ఊపిరితిత్తులకి ఎక్కొచ్చు.

గాలితో పనిచేసేవన్నీ ఉత్తవే అంటున్నానని అనుకోకండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాళ్లకి తొడిగే గాలి తొడుగులు ఉన్నాయి, ఉబ్బుతూ తగ్గుతూ పిక్కల్ని పిండుతాయి. కదల్లేని పక్షవాతం రోగులు 2,876 మంది మీద బ్రిటన్‌లో చూస్తే, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం 12.1 శాతం నుంచి 8.5కి తగ్గింది. అది 2013 నాటి మాట. ఫలానా పనికి ఫలానా గాలి. మా పరుపు అమ్మినవాడు ఆ గాలి పేరు చెప్పి ఈ గాలి అమ్మాడు.

కొనేవాళ్లకి నాకు తెలిసింది చెబుతాను. మనిషి కాస్త బరువుంటే బుడగలకంటే గొట్టాల రకమే మేలు, ఎత్తు ఎక్కువ కాబట్టి మంచానికి తగలరు. పైన పలచటి దుప్పటి ఒక్కటే పరవాలి. మా పెద్దత్త మెత్తగా ఉంటుందని బొంత ఒకటి పరిచింది, దాంతో కిందున్న పరుపు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గుండ్రటి గాలి రింగు మీద కూర్చోబెట్టొద్దు, మధ్యలో ఖాళీ వదిలి చుట్టూతా రక్తాన్ని బిగించేస్తుంది. మంచం తల మరీ పైకెత్తి వదిలేస్తే మనిషి కిందికి జారుతూ నడుం కింద తోలు సాగుతుంది. తిండి పెట్టేటప్పుడు ఎత్తి, తర్వాత దించెయ్యాలి. కరెంటు పోతే బుడగల పరుపు కాసేపటికి చదునైపోతుంది. మే నెలలో తెనాలి కరెంటు గురించి నేను చెప్పాలా? పంపుకి తీసుకునేది చాలా తక్కువ, ఇన్వర్టరుకి కలిపెయ్యండి, టీవీ ఆపినా ఫర్వాలేదు. తిండి మాట కూడా. పత్యం పేరుతో గుడ్డు, పప్పు మాన్పించేస్తారు. పుండు పడ్డ మనిషికి మాంసకృత్తులు మామూలుకంటే ఎక్కువ కావాలి. మా అమ్మ జీవితంలో గుడ్డు ముట్టని మనిషి. వదిన పెసరపప్పు, పెరుగు, పాలవిరుగుడుతో నెట్టుకొచ్చింది.

డబ్బు దగ్గరికొస్తే నాకు కోపం వస్తుంది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులకి లక్షలు కట్టాం, ఎవరూ నోరెత్తలేదు. ఇంటి దగ్గర రాత్రిపూట ఒక ఆయాని పెడదామంటే "ఇంట్లో ఆడవాళ్లుండగా పరాయి మనిషెందుకు" అని అన్నయ్యే అన్నాడు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఎందరినో నిలబెట్టింది, కానీ అది ఆసుపత్రి మంచం దాకానే. మా ఇంటి మంచం దగ్గరికి ఏ పథకమూ రాలేదు, ఒక వదిన ఉంటుంది. కేరళలో 2008లోనే దీనికి ఒక ప్రభుత్వ విధానం పెట్టుకున్నారు. కోళికోడ్ చుట్టుపక్కల వాడవాడలా వాలంటీర్లు, నర్సులు మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి డ్రెస్సింగులు చేస్తారు, ఇంట్లోవాళ్లకి నేర్పుతారు. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించేవి, పెట్టి, ఇళ్లకి వెళ్లే 'ఆలన' బళ్లు నడిపారు. మంచి పేరు, ఆలన. ఆలన అంటే బిడ్డని చూసుకోవడం కదా. తెనాలి ఇంటికి అలాంటి బండి ఒక్కసారి వచ్చి, ఆ నర్సు పరుపు కింద చెయ్యి పెట్టి చూపించి ఉంటే మాకు చాలు. అరగంట పని.

మేం చివరికి రాత్రి ఆయాని పెట్టాం, నెలకి పదకొండు వేలు, అందులో నా వాటా ఎనిమిది. పెద్దత్తకి నచ్చలేదు. వదిన మొదటి రాత్రి పడుకోలేకపోయింది, రెండు సార్లు లేచి వెళ్లి చూసొచ్చింది. మూడో రాత్రి నుంచి పడుకుంది. అమ్మ పుండు రెండున్నర నెలలకి మానింది. తర్వాత మళ్లీ పడలేదు. అమ్మ రెండేళ్ల మూడు నెలలు ఆ పరుపు మీద ఉండి, ఒక మాఘమాసపు తెల్లవారుజామున, ఆయా తిప్పుతుండగానే పోయింది. కాళ్లూ చేతులూ ఆడుతుండగా పోవాలని అందరం కోరుకుంటాం, అందరికీ రాదు.

పదమూడో రోజు అయ్యాక వెనకవీధి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నానమ్మ తుంటి విరిగిందట, పరుపు మాకిస్తారా అని. ఇస్తాం అన్నాను. "వైబ్రేషన్ ఉన్నదే కదండీ?" అన్నాడు. ఉందన్నాను, ఏం చెప్పను. గాలి తీసి చుట్టి, పంపు, గొట్టాలు సంచిలో పెట్టి నేనూ వదినా వెంట వెళ్లాం. నానమ్మ మంచం పక్కన కొత్తగా పెళ్లయిన పిల్ల నిలబడి ఉంది, ఆ అబ్బాయి భార్య. వదిన పరుపు పరిపించి, గొట్టాలు ఎక్కడా నలగకుండా చూసి, ఆవిడని దాని మీదికి చేర్పించి, కింద అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత ఆ పిల్ల చెయ్యి తీసుకుని అక్కడే పెట్టించింది. చేతినిండా పెళ్లిగాజులు గలగలమన్నాయి.

"ఇవి రాత్రిపూట తీసి పెట్టుకో అమ్మాయ్," అంది వదిన. తర్వాత ఆ అబ్బాయి వైపు తిరిగి, "నీ ఉంగరం కూడా," అంది.